తన తప్పును తానే దిద్దుకునే యాంప్లిఫయర్: హెరాల్డ్ బ్లాక్ జీవితకథ

జంషెడ్‌పూర్: పాత యాంప్లిఫయర్‌ను బాగుచేయడానికి కూర్చున్న మెకానిక్‌కు మొదట్లోనే ఒక చిక్కు ఎదురవుతుంది. పాట వినిపిస్తూనే ఉంటుంది, కానీ గొంతు చీరుకుపోతుంది. మీటరు పట్టుకుని ఒక్కొక్క దశలో ఓల్టేజీ కొలిస్తే ఏ ఒక్కచోటా ఉండవలసినంత ఉండదు. చెడిపోయినది ఒకే భాగం, చెడిపోయినట్టు కనిపించేవి పది. లోపం తానున్న చోట తేలకుండా సర్క్యూట్ అంతటా పరచుకోవడానికి కారణం, యాంప్లిఫయర్ చివర నుంచి మళ్ళీ మొదటికి తెచ్చి కలిపిన ఒక తీగ, దాని దారిలో ఉండే ఒక రెసిస్టర్. ఆ తీగకు అక్కడ చోటు ఉందని ప్రపంచానికి నేర్పినవాడు హెరాల్డ్ స్టీఫెన్ బ్లాక్ అనే అమెరికన్ ఇంజినీరు. యంత్రం తన తప్పును తానే దిద్దుకునేట్టు చేసిన ఆయన ఆలోచన, ఆ యంత్రం పాడైన రోజున తప్పును దాచిపెట్టేది కూడా అయింది.

ఉక్కుతో పేరుపొందిన జంషెడ్‌పూర్‌కు రాగి తీగతోనూ పాత సంబంధమే ఉంది. దేశంలోని తొలి కేబుల్ కర్మాగారాల్లో ఒకటైన ఇండియన్ కేబుల్ కంపెనీ 1920ల నాడు ఈ ఊళ్ళోనే, గోల్మురీ ప్రాంతంలో మొదలైంది. సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే, భూగోళానికి అవతలి వైపున, బ్లాక్ అదే రాగి తీగతో తలపడుతున్నాడు. తీగ ఎంత మంచిదైనా దూరం పెరిగేకొద్దీ అందులో నడిచే గొంతు బలహీనమవుతుంది. ఆ గొంతును మధ్యమధ్య లేపి నిలబెట్టే పనిలోనే ఆయన జీవితం గడిచింది.

దువ్వెనల ఊరి నుంచి వెస్ట్ స్ట్రీట్‌కు

బ్లాక్ 1898 ఏప్రిల్ 14న మసాచుసెట్స్ రాష్ట్రంలోని లెమిన్‌స్టర్‌లో జన్మించాడు. దువ్వెనల తయారీకి పేరుపడిన చిన్న పారిశ్రామిక పట్టణమది. సమీపంలోని వూస్టర్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివి 1921లో పట్టా పుచ్చుకున్నాడు. వెంటనే న్యూయార్క్ నగరంలోని వెస్ట్ స్ట్రీట్‌లో ఉన్న వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థలో చేరాడు. బెల్ టెలిఫోన్ వ్యవస్థకు పరికరాలు తయారుచేసే సంస్థ అది. దాని పరిశోధన, ఇంజినీరింగ్ విభాగమే 1925లో బెల్ ప్రయోగశాలలుగా రూపుదిద్దుకుంది. తొలి జీతం వారానికి 32 డాలర్లు.

చేరిన కొన్ని నెలలకే ఉద్యోగం వదిలిపెడదామన్నంత మనస్తాపం కలిగింది. తనతోపాటు చేరిన వారికి జీతం పెరిగింది, తనకు పెరగలేదు. చివరికి వెళ్ళిపోకుండా వేరొక దారి పట్టాడు. ఆదివారాలు ఆఫీసుకు వచ్చి పాత దస్త్రాలు చదవడం మొదలుపెట్టాడు. తాను పుట్టిన 1898వ సంవత్సరం నుంచి తాను ఉద్యోగంలో చేరిన 1921 వరకు టెలిఫోన్ ఇంజినీర్లు తమలో తాము రాసుకున్న నివేదికలన్నీ వరుసగా తిరగేశాడు. సంస్థకు ఏది తెలుసో, ఏది తెలియదో ఒక కుర్ర ఇంజినీరుకు అర్థమైంది అక్కడే. తరువాత ఆరేళ్ళకు పడవలో మెరిసిన ఆలోచన గురించి అందరూ చెప్పుకుంటారు గానీ, ఈ ఆదివారాల సంగతి అంతగా చెప్పుకోరు.

తెలియనిది ఏమిటో ఆయనకు త్వరలోనే తేలిపోయింది. అమెరికా తూర్పు తీరాన్నీ పడమటి తీరాన్నీ కలిపిన టెలిఫోన్ లైను 1915లో ప్రారంభమైంది. దారిలో వాక్యూమ్ ట్యూబులతో, అంటే మనవాళ్ళు వాల్వులనే గాజుబుడ్లతో, గొంతును తిరిగి పెంచి పంపేవారు. ఒక తీగ మీద ఒకే సంభాషణ సాగినంత కాలం ఇది నడిచింది. ఒకే తీగ మీద అనేక సంభాషణలు ఒకేసారి పంపగలిగితేనే దూరపు ఫోను గిట్టుబాటయ్యేది. అక్కడ వాల్వు అడ్డుపడింది.

వాల్వుకు ఒక వంకర ఉంది. దానికి ఇచ్చిన సంకేతాన్ని రెట్టింపు చేస్తే వచ్చేది సరిగ్గా రెట్టింపు కాదు, కొంచెం తక్కువో ఎక్కువో అవుతుంది. ఈ చిన్న తేడాయే స్వరానికి లేని స్వరాలను చేరుస్తుంది. ఒకే తీగపై పదిమంది మాట్లాడుతుంటే ఒకరి మాట ఇంకొకరి మాటలో కలిసిపోయేట్టు చేస్తుంది. ఒక యాంప్లిఫయర్‌లో ఈ వంకర చెవికి అందకపోవచ్చు. కానీ దేశం ఈ కొస నుంచి ఆ కొసకు వెయ్యి యాంప్లిఫయర్ల దాకా వరుసగా పెట్టవలసి వస్తే, మొదటిదాని తప్పును రెండోది పెంచి, రెండోదాని తప్పును మూడోది పెంచి, చివరికి మాటకు బదులు రొద మిగులుతుంది. బ్లాక్ లెక్కలు వేసి చూశాడు. ఉన్న వాల్వులను పదింతలు మెరుగుపరిచినా చాలదని తేలింది.

వాల్వును బాగుచేయడం మానుకున్న రాత్రి

రెండేళ్ళపాటు ఆయనా, ఆయన సహచరులూ వాల్వులోని వంకరను తీసే ప్రయత్నమే చేశారు. 1923 మార్చిలో న్యూయార్క్‌లో జరిగిన ఇంజినీర్ల సమావేశంలో చార్లెస్ స్టైన్‌మెట్జ్ ప్రసంగం విన్నాడు. విద్యుత్తు శాస్త్రంలో అప్పటికే మహామహుడైన స్టైన్‌మెట్జ్ ఆ రోజు మాట్లాడిన విషయమేమిటో బ్లాక్‌కు తరువాత గుర్తులేదు. ఏ సమస్యనైనా దాని మూలం దాకా తీసుకువెళ్ళే ఆ పద్ధతి మాత్రం మనసులో నాటుకుంది. అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరి, తన సమస్యను తిరగరాసుకున్నాడు.

వాల్వు వంకరగానే ఉంటుంది, అది దాని స్వభావం. దాన్ని సరిచేయాలన్న పట్టుదల వదిలేస్తే ఏం మిగులుతుంది? యాంప్లిఫయర్ నుంచి బయటికి వచ్చినదాన్ని, లోపలికి పంపినదానితో సమానమయ్యేట్టు తగ్గించి, ఒకదానిలోంచి ఇంకొకదాన్ని తీసివేయాలి. అసలు సంకేతం కొట్టుకుపోయి తప్పు ఒక్కటే మిగులుతుంది. ఆ తప్పును వేరొక యాంప్లిఫయర్‌తో పెంచి, తలకిందులు చేసి, బయటికి వచ్చినదానికి కలిపితే తప్పును తప్పే రద్దుచేస్తుంది. మరునాడే ప్రయోగశాలలో అమర్చి చూశాడు. పనిచేసింది. నేడు ఫీడ్‌ఫార్వర్డ్ అని పిలుస్తున్న పద్ధతి ఇదే.

పనిచేసింది గానీ నిలబడలేదు. రెండు యాంప్లిఫయర్ల లెక్క వెంట్రుకవాసి తేడా లేకుండా కుదరాలి. ఆనాటి వాల్వుల ఫిలమెంటు కరెంటును గంట గంటకూ, రాత్రింబవళ్ళు ఒక మనిషి సరిచూడవలసి వచ్చేది. ఆరు గంటలకొకసారి బ్యాటరీ ఓల్టేజీనీ సవరించాలి. అంత చేసినా ఆయనకు కావలసినంత ఖచ్చితత్వం రాదు. అడవిలోనో ఎడారిలోనో మనిషి లేని గుడిసెలో నెలల తరబడి నడవవలసిన యంత్రానికి ఇటువంటి సేవ ఎవరు చేస్తారు? మరో నాలుగేళ్ళు ఈ పద్ధతినే సులభం చేయాలని అటూ ఇటూ మార్చి చూశాడు. ఫలితం లేకపోయింది.

పడవలో, పత్రిక మీద

1927 ఆగస్టు 2, మంగళవారం ఉదయం. న్యూజెర్సీ వైపు ఉన్న హోబోకెన్ నుంచి హడ్సన్ నదిని దాటించే లాకవానా పడవలో బ్లాక్ ఆఫీసుకు వెళుతున్నాడు. నది మధ్యలో ఉండగా జవాబు తట్టింది. తప్పును విడిగా తీసి విడిగా రద్దుచేయనక్కరలేదు. బయటికి వచ్చినదానిలో కొంత భాగాన్ని తలకిందులు చేసి, అదే యాంప్లిఫయర్ మొదటికి తిరిగి అందిస్తే చాలు. యాంప్లిఫయర్ తన జవాబును తన ప్రశ్నతో ప్రతి క్షణం సరిపోల్చుకుని, తేడాను తానే తగ్గించుకుంటుంది. చేతిలో ఉన్న న్యూయార్క్ టైమ్స్‌లో ఖాళీగా ఉన్న చోట బొమ్మ, సమీకరణాలు గీసి సంతకం చేశాడు. ఇరవై నిమిషాల తరువాత ఆఫీసులో సహోద్యోగి ఎర్ల్ బ్లెస్సింగ్ ఆ కాగితాన్ని చదివి, అర్థం చేసుకుని, సాక్షిగా సంతకం పెట్టాడు.

ఇందులోని కిటుకు అంకెల్లో చూస్తే సులభంగా తెలుస్తుంది. ఒక యాంప్లిఫయర్ సంకేతాన్ని 1,00,000 రెట్లు పెంచుతుందనుకుందాం. దాని ఫలితంలో నూరో వంతును తలకిందులు చేసి మొదటికి పంపితే, మొత్తం మీద పెంపు దాదాపు 99.9 రెట్లకు పడిపోతుంది. వాల్వు ముసలిదై దాని సొంత పెంపు సగానికి, అంటే 50,000కు తగ్గిందనుకుందాం. అప్పుడు కూడా మొత్తం పెంపు 99.8 రెట్లు ఉంటుంది. లోపల సగం కూలిపోయినా బయటివాడికి తెలిసే తేడా వెయ్యింట ఒక వంతు. వాల్వు వంకర కూడా అదే నిష్పత్తిలో అణగిపోతుంది. మూల్యం ఒక్కటే: లక్ష రెట్ల బలాన్ని సంపాదించి, అందులో అధికభాగాన్ని చేజేతులా పారవేయాలి.

ఈ పారవేయడమే ఆనాటి ఇంజినీర్లకు మింగుడుపడలేదు. యాంప్లిఫయర్ పెంపు ఎంతో ఖరీదైన సరకు. దాన్ని ఇంచుకైనా ఎక్కువ రాబట్టాలని లోకమంతా శ్రమిస్తుంటే, ఈయన పారబోయమంటున్నాడు. పైగా చివర నుంచి మొదటికి సంకేతం పోవడమంటేనే వాళ్ళకు హడలు. మైకును స్పీకరు ఎదుట పెడితే పుట్టే కూత అటువంటిదే. ఆ కూత రాకుండా తీగలను దూరదూరంగా పెట్టడమే మంచి ఇంజినీరు లక్షణమనుకునే రోజులవి.

ఇక్కడ మాట గురించి ఒక ముక్క. ఫీడ్‌బ్యాక్ అనే మాట నేటి తెలుగులో అభిప్రాయం అన్న అర్థంలో స్థిరపడిపోయింది. ఆ లెక్కన పాజిటివ్ ఫీడ్‌బ్యాక్ అంటే మెప్పు, నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ అంటే తెగడ్త. ఇంజినీరింగ్‌లో గుణదోషాలు తారుమారవుతాయి. పాజిటివ్ అంటే తిరిగివచ్చినది ఉన్నదానికి తోడై ఎగదోయడం, అది కూతకు దారి. నెగెటివ్ అంటే తిరిగివచ్చినది ఉన్నదాన్ని అదుపుచేయడం. బ్లాక్ కనిపెట్టినది ఈ రెండోది.

నమ్మని లోకం, తొమ్మిదేళ్ళ పేటెంటు

పడవ ప్రయాణం జరిగిన అయిదు నెలలకు, 1927 డిసెంబర్ 29న, ప్రయోగశాలలో కొలతలు తీశారు. 4 నుంచి 45 కిలోహెర్ట్జ్ మధ్య, ఒకే యాంప్లిఫయర్‌లో వంకర లక్షో వంతుకు తగ్గింది. కొలత కళ్ళెదుట ఉన్నా నమ్మకం మాత్రం వెంట రాలేదు. ఇది అక్కరలేదని, మామూలు పద్ధతిలో యాంప్లిఫయర్లు తయారుచేయమని పైవారు తనకు చెప్పినట్టు బ్లాక్ తరువాతి కాలంలో గుర్తుచేసుకున్నాడు.

పేటెంటు కార్యాలయం ఇంకా గట్టిగా నిలబడింది. దరఖాస్తు దాఖలైంది 1928లో. వలయంలో తిరిగే పెంపు ఒకటి కంటె ఎక్కువైతే యాంప్లిఫయర్ కూత పెట్టక తప్పదని అప్పటి ప్రామాణిక గ్రంథాలు చెబుతున్నాయి. బ్లాక్ వందలు, వేలు అంటున్నాడు. కనుక ఇది పనిచేయదని పరీక్షకుల వాదన. బ్రిటన్‌లోనైతే ఇంధనం లేకుండా ఎల్లకాలం తిరిగే యంత్రం కనిపెట్టామని వచ్చేవారి దరఖాస్తులను చూసినట్టే దీన్నీ చూశారు. చివరికి వాదన కంటె ఉదాహరణే పనికివచ్చింది. 1930లో న్యూజెర్సీలోని మోరిస్‌టౌన్‌లో 70 యాంప్లిఫయర్లను వరుసగా కలిపి టెలిఫోన్ సంస్థ క్షేత్రపరీక్ష నడిపింది. అవి కూత పెట్టకుండా పనిచేస్తున్నాయన్న సాక్ష్యం పేటెంటు కార్యాలయం ముందుంచారు. 2,102,671 సంఖ్య గల పేటెంటు 1937 డిసెంబర్ 21న వెలువడింది. పడవ దిగిన యువకుడి వయసు 29, పేటెంటు చేతికొచ్చిన నాటికి 39.

అయితే పరీక్షకుల అనుమానంలో పాలు నీళ్ళు రెండూ ఉన్నాయన్నది న్యాయం. సంకేతం వలయంలో తిరిగి రావడానికి కొంత సమయం పడుతుంది. ఏదో ఒక పౌనఃపున్యం దగ్గర ఆ ఆలస్యం సరిగ్గా అరచుట్టుకు సమానమైతే, తలకిందులుగా పంపినది మళ్ళీ నిటారై, అదుపుచేయవలసినది ఎగదోస్తుంది. బ్లాక్ యాంప్లిఫయర్లు కూడా తరచూ కూతపెట్టేవి. ఎప్పుడు పెడతాయో, ఎప్పుడు పెట్టవో లెక్క కట్టి చెప్పినవాడు బెల్ ప్రయోగశాలల్లోనే పనిచేసిన హ్యారీ నైక్విస్ట్. ఆయన వ్యాసం 1932లో వచ్చింది. ఆ లెక్కను ఇంజినీర్లు చేతితో గీసుకోగలిగే పద్ధతిగా మార్చినవాడు హెండ్రిక్ బోడే. బ్లాక్ తన ప్రసిద్ధ వ్యాసాన్ని 1934లో ప్రచురించినప్పుడు నైక్విస్ట్ నియమం దాని వెనుక దన్నుగా నిలిచింది.

సాంకేతిక చరిత్రకారుడు డేవిడ్ మిండెల్ ఈ సంగతినే ఎత్తిచూపాడు. పడవలో మెరుపు అన్న కథ వృద్ధాప్యంలో బ్లాక్ స్వయంగా తీర్చిదిద్దినదనీ, ఒక పెద్ద సంస్థలో ఎందరో కలిసి చేసిన పనిని అది ఒక మనిషికి, ఒక ఉదయానికి కుదించిందనీ ఆయన విమర్శ. ఇది కొట్టిపారేయదగిన మాట కాదు. కానీ సాక్షి సంతకమున్న కాగితాన్నీ కాదనలేం. వంకరను తీసే దారి చూపినవాడు బ్లాక్, ఆ దారిలో గోతులెక్కడున్నాయో చెప్పినవాడు నైక్విస్ట్. ఒకరి పేరు చెప్పి ఇంకొకరిని మరవడం మాత్రం అన్యాయం.

టెలిఫోన్ నుంచి పాటకు

టెలిఫోన్ కోసం పుట్టిన తీగ సంగీతంలోకి ప్రవేశించడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఇంగ్లండులో హెరాల్డ్ లీక్ 1945లో పాయింట్ వన్ అనే యాంప్లిఫయర్‌ను విడుదల చేశాడు. వంకర 0.1 శాతం మాత్రమేనని ఆ పేరే చాటింది. 1947లో డి.టి.ఎన్. విలియమ్‌సన్ వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో 15 వాట్ల యాంప్లిఫయర్ నమూనాను ప్రచురించాడు. స్పీకరుకు ముందుండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ను కూడా ఫీడ్‌బ్యాక్ వలయంలోకి తెచ్చిన ఆ నమూనాను దేశదేశాల ఔత్సాహికులు ఇళ్ళలో కట్టుకున్నారు. తరువాత ట్రాన్సిస్టర్లు వచ్చినా తీగ పోలేదు, ఇంకా బలపడింది. గ్రామఫోన్ రికార్డుల కాలపు ఇంటి సెట్లలోనూ, సినిమాహాళ్ళలోనూ, నవమి పందిళ్ళలో మోగిన మైకుసెట్లలోనూ ఈ సూత్రమే పనిచేసింది. ఉక్కు కర్మాగారం పనికి ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చి, బిష్టుపూర్‌లో రామమందిరం కట్టుకున్న జంషెడ్‌పూర్ తెలుగువారి ఉత్సవాలకు కూడా మైకుసెట్టు లేని సందడి లేదు.

లోపం ఎక్కడ దాక్కుంటుంది

అటువంటి పాత సెట్టు ఒకటి మూలపడి, మళ్ళీ మెకానిక్ బల్ల మీదికి వచ్చినప్పుడు బ్లాక్ ఆలోచన తన రెండో ముఖాన్ని చూపుతుంది.

అనుభవజ్ఞుడు దాన్ని నేరుగా ప్లగ్గులో పెట్టడు. ఏళ్ళ తరబడి కరెంటు చూడని పెద్ద కండెన్సర్లు, అంటే కెపాసిటర్లు, లోపల ఎండిపోయి ఉంటాయి. 60 లేదా 100 వాట్ల పాతకాలపు బల్బును వరుసలో కలిపి, దాని ద్వారా కరెంటు ఇస్తాడు. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే ఫరవాలేదు. ప్రకాశంగా వెలుగుతూనే ఉంటే లోపల ఎక్కడో షార్ట్ ఉందని అర్థం, సెట్టు కాలిపోకుండా బల్బు కాపాడినట్టు. ప్లగ్గు పీకిన తరువాత కూడా వాల్వు సెట్టు కండెన్సర్లలో మూడు నాలుగు వందల ఓల్టులు నిలిచి ఉండవచ్చు. వాటిని ఒక రెసిస్టర్ ద్వారా ఖాళీచేసి, మీటరుతో నిర్ధారించుకున్నాకే లోపల చేయి పెట్టాలి. ఈ తొందరపాటులో ప్రాణాలే పోగలవు.

ఇక వినిపించే చప్పుడు కొంత దారి చూపుతుంది. గుయ్‌మనే ఎడతెగని హోరు ఉంటే, కరెంటును నునుపుచేసే ఫిల్టర్ కండెన్సర్లు ఎండిపోయాయని మొదటి అనుమానం. మన దేశంలో మెయిన్స్ 50 హెర్ట్జ్, రెండు సగాలనూ వాడుకునే రెక్టిఫయర్ తరువాత అది 100 హెర్ట్జ్ హోరుగా వినిపిస్తుంది. టపటపమని మోటారు పడవలా కొట్టుకుంటే, దశలను ఒకదానినుంచి ఒకటి వేరుచేయవలసిన కండెన్సర్ ఆ పని మానేసింది. అవుట్‌పుట్ వాల్వు లోపలి పళ్ళెం ఎర్రగా కాగుతుంటే, దాని ముందున్న కప్లింగ్ కండెన్సర్ డీసీ ఓల్టేజీని కారనిస్తోంది, వెంటనే ఆపాలి.

ఇంతవరకు సులభమే. గొంతు చీరడం, పెంపు తగ్గడం, ఉండీ లేనట్టుండే లోపాలు వచ్చినప్పుడే ఫీడ్‌బ్యాక్ వలయం బుద్ధిని పరీక్షిస్తుంది. మధ్యలో ఒక వాల్వు నీరసిస్తే, వలయం ఆ లోటును కప్పిపుచ్చడానికి ముందరి దశను గట్టిగా తోస్తుంది. చివర కొలిస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. శబ్దం పెంచేసరికి ఇక కప్పిపుచ్చే శక్తి చాలక ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. నెమ్మదిగా చెడే పాత సెట్టు, ఫీడ్‌బ్యాక్ పుణ్యమా అని, హఠాత్తుగా చెడినట్టు కనిపిస్తుంది.

ట్రాన్స్‌ఫార్మర్ గల వాల్వు సెట్టులో దీనికి ఒక ఉపాయముంది. ఫీడ్‌బ్యాక్ తీగను తాత్కాలికంగా విప్పి, స్పీకరుకు బదులు సరిపడిన లోడు రెసిస్టర్ పెట్టి, చిన్న సంకేతంతో ఒక్కొక్క దశను విడివిడిగా చూడవచ్చు. వలయం లేనప్పుడు ప్రతి దశా తన సొంత తప్పును తానే మోస్తుంది. పెంపు పడిపోయిన చోటు బయటపడుతుంది. ట్రాన్సిస్టర్ సెట్లలో మాత్రం ఈ ఉపాయం ప్రమాదకరం. మొదటి నుంచి చివరి దాకా డీసీతోనే ముడిపడిన ఆ సర్క్యూట్‌లో అవుట్‌పుట్‌ను సున్నా దగ్గర నిలబెట్టేది ఫీడ్‌బ్యాక్ తీగే. దాన్ని తెంపితే అవుట్‌పుట్ ఏదో ఒక కొసకు పరుగెత్తి స్పీకరు చుట్టను కాల్చివేయగలదు. అక్కడ మెకానిక్ స్పీకరు విప్పి, కరెంటు ఇచ్చి, ముందు అవుట్‌పుట్‌లో డీసీ ఓల్టేజీ ఎంతుందో చూస్తాడు. కొన్ని పదుల మిల్లీఓల్టులైతే సహజం, కొన్ని ఓల్టులైతే లోపం. ఆపైన ఏ ట్రాన్సిస్టర్ వలయం ఆజ్ఞను పాటించడం లేదో వెతుకుతాడు. వలయం ఒక దిక్కుకు లాగుతున్నా అవుట్‌పుట్ ఎదురు దిక్కులోనే ఉందంటే, ఆజ్ఞ ఎక్కడ తెగిపోయిందో దొంగ అక్కడే ఉన్నాడు.

బ్లాక్ పేటెంటును అడ్డుకున్న పరీక్షకుల భయాన్ని ప్రత్యక్షంగా చూసే సందర్భం ఇంకొకటుంది. కాలిపోయిన అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కు బదులు కొత్తది బిగించి, దాని తీగలను అటుదిటు కలిపితే, స్విచ్ వేయగానే సెట్టు భయంకరంగా అరుస్తుంది. భాగాలన్నీ మంచివే, టంకాలన్నీ సరిగానే ఉంటాయి. తలకిందులు కావలసినది నిటారుగా వచ్చి చేరడం వల్ల నెగెటివ్ కాస్తా పాజిటివ్ అయింది. రెండు తీగలు మార్చి కలిపితే అరుపు ఆగిపోతుంది. చెవికి అందని కూత ఇంతకంటె మోసకారి. ధ్వని పరిధికి చాలా పైన యాంప్లిఫయర్ తనలో తాను కూతపెడుతుంటే చెవికేమీ తెలియదు, భాగాలు మాత్రం కారణం లేకుండా వేడెక్కుతాయి. ఆసిలోస్కోప్ తెర మీద చూస్తేనే బయటపడుతుంది. అది నైక్విస్ట్ లెక్కకు సంబంధించిన రోగం, బ్లాక్ పటం ఒక్కటే చాలదు.

రోలింగ్ మిల్లు దాకా

తన ఫలితాన్ని చూసుకుని తన్ను సరిదిద్దుకునే యంత్రం బ్లాక్‌తోనే పుట్టలేదు. ఆవిరియంత్రం వేగాన్ని అదుపుచేసే జేమ్స్ వాట్ గవర్నర్ పద్దెనిమిదో శతాబ్దిది, దాని గణితాన్ని మాక్స్‌వెల్ 1868లోనే చర్చించాడు. అయితే ఎలక్ట్రానిక్ యాంప్లిఫయర్‌కు పనికివచ్చే రూపంలో దాన్ని మలిచినది బ్లాక్ తరం. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఈ రెండు పాయలూ ఒకటై నియంత్రణ శాస్త్రమయ్యాయి. నేటి ఉక్కు కర్మాగారంలో రోలింగ్ మిల్లు నుంచి బయటికి వచ్చే రేకు మందాన్ని కొలిచి, తేడాను వెనక్కి పంపి, రోలర్ల ఒత్తిడిని క్షణక్షణం సవరించే పద్ధతిలో ఉన్నది అదే సూత్రం. సాక్చి పేరు మారి జంషెడ్‌పూర్ అయిన 1919లో ఇంకా కళాశాల విద్యార్థిగా ఉన్న ఒక కుర్రవాడి ఆలోచన, ఇటువంటి ఊళ్ళలో మైకుసెట్టులోనూ ఉక్కు మిల్లులోనూ ఒకేలా నడుస్తోంది.

చివరి సంవత్సరాలు

బ్లాక్ తరువాతి జీవితంలో ఆ ఉదయానికి సాటివచ్చే ఘట్టం మరొకటి లేదు. యుద్ధకాలంలో, ఆ తరువాత గొంతును అంకెలుగా మార్చి రేడియో ద్వారా పంపే పద్ధతుల మీద పనిచేశాడు. 1953లో మాడ్యులేషన్ సిద్ధాంతం మీద గ్రంథం వెలువరించాడు. తాను చదువుకున్న వూస్టర్ విద్యాసంస్థ 1955లో గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. అమెరికన్ ఎలక్ట్రికల్ ఇంజినీర్ల సంస్థ లామె పతకం 1957లో అందింది. బెల్ ప్రయోగశాలల నుంచి 1963లో విరమించాడు.

పడవ కథను ఆయన సవిస్తరంగా రాసినది 1977లో, యాభై ఏళ్ళ తరువాత. అందులోనూ ఆ ఆలోచన ఎందుకు తట్టిందో తనకు తెలియదనే తేల్చాడు. 1981లో అమెరికా జాతీయ ఆవిష్కర్తల గౌరవసభలో ఆయన పేరు చేరింది. 1983 డిసెంబర్ 11న న్యూజెర్సీలోని సమ్మిట్‌లో, 85వ ఏట కన్నుమూశాడు. ఆయన్ను హడ్సన్ దాటించిన హోబోకెన్ పడవలు అప్పటికి పదహారేళ్ళ కిందటే, 1967లో, నిలిచిపోయాయి. 1989లో అదే రేవు నుంచి మళ్ళీ పడవలు నడవసాగాయి.